కొలంబియా న్యాయ–శాంతి చట్టం

కొలంబియాలో పారామిలటరీలుగా పేరుపడ్డ ప్రైవేటు సేనలు ఆయుధాలు దించుతున్న కాలంలో, అవి సాగించిన హత్యలు, ఊచకోతలు, అపహరణలపై విచారణ జరిపేందుకు తెచ్చిన ప్రత్యేక చట్టం. సంఖ్య 975. అధ్యక్షుడు ఆల్వరో ఉరిబే 2005 జులై 25న దీనిపై సంతకం చేశాడు. చేసిన నేరాలు ఒప్పుకున్నవారికి 5 నుంచి 8 ఏళ్ల జైలుతో సరిపెట్టడం దీని సారాంశం. ప్రభుత్వం రాసిన చట్టం ఒకటి, న్యాయస్థానాల చేతుల్లో పడ్డాక అమలైన చట్టం మరొకటి.

నేపథ్యం

గెరిల్లాలను ఎదుర్కోవడానికి సైన్యం పౌరులకు ఆయుధాలు ఇవ్వవచ్చని 1965 నాటి ఉత్తర్వు, దాన్ని శాశ్వతం చేసిన 1968 నాటి 48వ చట్టం అనుమతించాయి. 1981 చివర్లో మాదకద్రవ్యాల వ్యాపారులు ‘కిడ్నాపర్లకు చావు’ అనే పేరుతో సొంత ముఠా కట్టారు. పశువుల మందలున్న ఆసాములు, భూస్వాములు డబ్బు పోశారు. సైన్యం చాలాచోట్ల చూసీచూడనట్టు ఊరుకుంది, కొన్నిచోట్ల చేయి కలిపింది. 1989 జనవరి 18న లా రోచెలా దగ్గర ఈ ముఠాలు చేసిన హత్యల దర్యాప్తుకు వెళ్లిన 15 మంది న్యాయశాఖ సిబ్బందిలో 12 మందిని కాల్చి చంపారు. పౌరులకు ఆయుధాలిచ్చే నిబంధనను సుప్రీంకోర్టు ఆ ఏడాదే కొట్టివేసింది.

1997లో ప్రాంతీయ ముఠాలు కార్లోస్ కస్తాన్యో నాయకత్వంలో కొలంబియా ఐక్య ఆత్మరక్షణ దళాలుగా (ఏయూసీ) ఏర్పడ్డాయి. ఆ ఏడాది జులైలో మాపిరిపాన్‌లో, 2000 ఫిబ్రవరిలో ఎల్ సలాడోలో రోజుల తరబడి ఊచకోత సాగింది. 1980–2012 మధ్య జరిగిన 1,982 ఊచకోతల్లో 1,166 పారామిలటరీలవేనని ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ చారిత్రక స్మృతి కేంద్రం 2013లో లెక్కగట్టింది.

రలీతో చర్చలు

2001 సెప్టెంబరు 10న అమెరికా ఏయూసీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. మాదకద్రవ్యాల కేసుల్లో అమెరికాకు అప్పగిస్తారన్న భయం నాయకులకు అంతకుముందే ఉంది. 2002 ఆగస్టులో ఉరిబే గద్దెనెక్కాడు. డిసెంబరు 1 నుంచి కాల్పులు విరమిస్తున్నట్టు ఏయూసీ ప్రకటించింది. 2003 జులై 15న కోర్డోబా రాష్ట్రంలోని శాంతా ఫే దె రలీతోలో ఒప్పందం కుదిరింది. 2005 చివరికల్లా దళాలన్నీ లొంగిపోవాలన్నది షరతు. 2003 నవంబరులోనే మెడెలిన్‌లో తొలి దళం తుపాకులు అప్పగించింది.

తుపాకులు వస్తున్నాయి సరే, హంతకులను ఏం చేయాలన్నది తేలలేదు. 2003 ఆగస్టులో ప్రభుత్వం తెచ్చిన మొదటి బిల్లులో అసలు జైలుకే వెళ్లనవసరం లేని వెసులుబాటు ఉంది. దేశంలోనూ బయటా నిరసన రేగడంతో దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఇంతకన్నా గట్టి బిల్లును రఫాయెల్ పార్డో, జీనా పరోడీ పార్లమెంటులో ప్రతిపాదించారు. అది నెగ్గలేదు.

చర్చల కాలంలోనూ నెత్తురు ఆగలేదు. 2004 ఏప్రిల్‌లో కస్తాన్యోను సొంత మనుషులే చంపారు. శవం రెండేళ్లకు గానీ దొరకలేదు. అదే ఏడాది జులై 28న ఏయూసీ నాయకుడు సాల్వతోరే మంకూసో మరో ఇద్దరు నాయకులతో కలిసి పార్లమెంటులో ప్రసంగించాడు. అరెస్టు వారెంట్లున్న మనిషి చట్టసభ వేదికెక్కడం బాధిత కుటుంబాలకు మింగుడుపడలేదు.

975వ చట్టం, 2006 తీర్పు

మొదటి రూపంలో ఈ చట్టం దర్యాప్తు అధికారుల చేతులు కట్టేసింది. నేరాంగీకారం ముగిశాక 36 గంటల్లో అభియోగం దిశగా అడుగు వేయాలి, 60 రోజుల్లో దర్యాప్తు పూర్తిచేయాలి. దేశవ్యాప్తంగా ఈ పనికి కేటాయించిన ప్రాసిక్యూటర్లు 20 మంది. నిందితుడు కొన్ని నేరాలు దాచినా రాయితీ పోయే ప్రమాదం పెద్దగా లేదు. రలీతోలో చర్చలు జరుపుతూ గడిపిన కాలంలో 18 నెలల వరకు శిక్ష కింద జమకట్టేవారు. పారామిలటరీ కార్యకలాపాలను రాజద్రోహంగా, అంటే రాజకీయ నేరంగా పరిగణించే సెక్షన్ కూడా ఇందులో ఉంది. కొలంబియాలో రాజకీయ నేరానికి క్షమాభిక్ష దొరుకుతుంది, రాజకీయాల్లోకి రావడానికి దారి ఉంటుంది.

2006 మే 18న రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన సీ-370 తీర్పు దీని రూపురేఖలు మార్చేసింది. చట్టాన్ని మొత్తంగా కొట్టేయకుండా, శిక్ష తగ్గింపును అలాగే ఉంచి, దానికి వెల పెంచిన నేర్పైన తీర్పు ఇది. ఒప్పుకోలు పూర్తిగా, నిజంగా ఉండాలి. దాచినది బయటపడితే సాధారణ శిక్ష పడుతుంది. అక్రమంగా సంపాదించిన ఆస్తులే కాదు, సక్రమమైనవి కూడా పరిహారానికి లోబడి ఉంటాయి. విచారణలో ప్రతి దశలోనూ బాధితులకు పాలుపంచుకునే హక్కుంది. 36 గంటల గడువు, రలీతో కాలం జమ రెండూ పోయాయి. రాజద్రోహం సెక్షన్‌ను ఆమోదించిన పద్ధతిలోనే లోపముందని కోర్టు రద్దుచేసింది. పారామిలటరీ నేరాలు రాజకీయ నేరాలు కావని 2007 జులైలో సుప్రీంకోర్టు మరోసారి తేల్చింది. ఈ తీర్పుల మీద ఏయూసీ నాయకులతోపాటు ప్రభుత్వమూ గుర్రుమంది.

2006 ఆగస్టు నాటికి 31 వేలకు పైగా లొంగిపోయారు. వారిలో ఈ చట్టం కిందికి వచ్చింది సుమారు పదో వంతు. మిగతావారిపై అప్పటికి కేసులు నమోదై లేవు కనుక 2002 నాటి 782వ చట్టం, 2003 నాటి 128వ ఉత్తర్వు కింద వాళ్లు ఇంటిదారి పట్టారు. కేసులెందుకు లేవన్నది వేరే సంగతి. పల్లెల్లో ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంది?

వాంగ్మూలాలు

2006 డిసెంబరులో మెడెలిన్‌లో మంకూసో వాంగ్మూలం మొదలైంది. చంపినవారి పేర్లు ఊళ్లతో, తేదీలతో సహా చదువుకుంటూ పోయాడు. బాధితులు వేరే గదిలో తెర మీద చూస్తూ, ప్రాసిక్యూటర్ ద్వారా ప్రశ్నలు పంపేవారు. ఆ విచారణకు హాజరై, లాక్కున్న భూములు తిరిగివ్వాలని వందలాది కుటుంబాల తరఫున నిలబడ్డ యోలాండా ఇస్కియెర్దోను 2007 జనవరి 31న మోంతెరియాలో కాల్చి చంపారు.

ఈ వాంగ్మూలాల ఆధారంగా తవ్వకాలు జరిగి వేలాది అవశేషాలు బయటపడ్డాయి. ఏయూసీతో చేతులు కలిపిన పార్లమెంటు సభ్యులపై అప్పటికే నడుస్తున్న కేసులకూ ఇవి బలమిచ్చాయి. ఆ కేసులను సుప్రీంకోర్టే నేరుగా విచారించింది. డజన్లకొద్దీ రాజకీయ నాయకులు జైలుకు వెళ్లారు. ఆల్వరో ఉరిబే దాయాది, మాజీ సెనేటర్ మారియో ఉరిబేకు 2011లో శిక్ష పడింది. నిఘా సంస్థ మాజీ అధిపతి హోర్హే నొగేరాకు అదే ఏడాది 25 ఏళ్ల జైలు విధించారు.

2008 మే 13 తెల్లవారుజామున మంకూసో సహా 14 మంది పారామిలటరీ నాయకులను విమానమెక్కించి అమెరికాకు అప్పగించారు. జైలు నుంచి నేరాలు కొనసాగిస్తున్నారన్నది ఉరిబే చెప్పిన కారణం. వాళ్లు రాజకీయ నాయకుల పేర్లు చెప్పడం మొదలుపెట్టాక జరిగిన పని కావడంతో బాధితుల సంఘాలు ఈ కారణాన్ని నమ్మలేదు. అక్కడ వారిపై నడిచినవి మాదకద్రవ్యాల కేసులే. వాంగ్మూలాలు చాలాకాలం నిలిచిపోయాయి. 2009 ఆగస్టులో మరో నిందితుడి అప్పగింతకు సుప్రీంకోర్టు నిరాకరిస్తూ, బాధితుల హక్కులను కారణంగా చూపింది.

మాంపుహాన్ తీర్పు

2009లో వెలువడిన మొదటి తీర్పును సుప్రీంకోర్టు రద్దుచేసింది. నిలబడిన తొలి తీర్పు 2010 జూన్ 29 నాటిది. 2000 మార్చిలో మాంపుహాన్ ఊరిని ఖాళీ చేయించి, పక్కనున్న లాస్ బ్రీసాస్‌లో 11 మందిని చంపిన కేసు అది. ‘దియెగో వెసీనో’, ‘హువాంచో దీకే’ అనే మారుపేర్లున్న ఇద్దరు కమాండర్లకు దాదాపు నాలుగు దశాబ్దాల శిక్ష విధించి, చట్టం ప్రకారం 8 ఏళ్లకు కుదించారు. నిర్వాసితులకు పరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించారు. ఆ రోజు జరిగింది గుడ్డ ముక్కలతో బొమ్మలుగా కుట్టిన మాంపుహాన్ మహిళలకు 2015లో జాతీయ శాంతి బహుమతి దక్కింది.

తరువాతి పరిణామాలు

2011లో బాధితుల చట్టం వచ్చింది. ఒక్కో కేసు కాక నేరాల సరళిని విచారించేలా 2012లో 975వ చట్టాన్ని సవరించారు. 8 ఏళ్లు పూర్తిచేసుకున్నవారి విడుదల 2014 నుంచి మొదలైంది. లొంగుబాటులో మిగిలిపోయిన కమాండర్లు కట్టిన ముఠాల నుంచి ‘గల్ఫ్ క్లాన్’ పుట్టింది. ఫార్క్ గెరిల్లాలతో 2016లో కుదిరిన ఒప్పందం వల్ల ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం పారామిలటరీలను తన పరిధికి బయట ఉంచినా, సైన్యానికీ ఏయూసీకీ వారధిగా పనిచేశాడన్న కారణంతో 2023 నవంబరులో మంకూసోను చేర్చుకుంది. అతను 2024 ఫిబ్రవరి 27న కొలంబియాకు తిరిగివచ్చాడు.

ఏయూసీకి 1997–2004 మధ్య 17 లక్షల డాలర్లు చెల్లించినట్టు అరటిపండ్ల కంపెనీ చికీటా 2007లోనే అమెరికా కోర్టులో ఒప్పుకుని, 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. హతుల్లో 8 మంది కుటుంబాలకు 3.83 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024 జూన్‌లో ఫ్లోరిడా జ్యూరీ అదే కంపెనీని ఆదేశించింది.