కైకలూరు వాహనాల సంఖ్యలు: పలక చెప్పే జిల్లా, చట్రం చెప్పే పుట్టుక

కొల్లేటి చేపలను మోసే ప్రతి లారీకి రెండు గుర్తులుంటాయి. ఒకటి రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ సంఖ్య. రెండోది తయారీదారు చట్రం మీద చెక్కే ఛాసిస్ సంఖ్య. మొదటిది పాలనా చరిత్రకు లోబడి మారుతుంది. రెండోది మారదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చాక కృష్ణా జిల్లాకు ఏపీ 16, పశ్చిమ గోదావరికి ఏపీ 37 సంకేతాలయ్యాయి. కైకలూరు అప్పుడు కృష్ణాలోది. పొరుగున ఉన్న ఏలూరు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోవి. కాబట్టి చేపల లారీ ఏ జిల్లాలో నమోదైందో పలకే చెప్పేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే రావడంతో కొత్త పలక జిల్లా పేరు చెప్పడం మానేసింది. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కొత్త ఏలూరు జిల్లాలో చేరింది. అక్కడి పాత వాహనాలు మాత్రం ఏపీ 16తోనే తిరుగుతూ, విడిచివచ్చిన జిల్లాను గుర్తుచేస్తున్నాయి. 

ఇక ఛాసిస్ సంఖ్య. అమెరికా తయారీదారులు 1954 నుంచి ఇలాంటి సంఖ్యలు వాడినా, ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. 1977లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3779 వెలువడింది. 1981 మోడళ్ల నుంచి అమెరికా 17 స్థానాల సంఖ్యను తప్పనిసరి చేసింది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను ఇందులో వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి: మారుతి కార్లకు 'ఎంఏ3'. దొంగ బండిని పట్టుకోవడానికి, లోపమున్న బండ్లను సంస్థ వెనక్కి పిలవడానికి, అప్పిచ్చినవారి హక్కు నిలవడానికి ఆధారం ఇదే. బండి మరో రాష్ట్రానికి అమ్ముడై కొత్త పలక పొందినా పాత బండే అని ఇది చెప్పగలదు.

మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 122వ నిబంధన ఛాసిస్ సంఖ్య ముద్రణను తప్పనిసరి చేసింది. రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు ఆ అంకెల పెన్సిల్ ప్రింట్ జతచేయాలి: చట్రం మీద కాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు. చేపల లారీకి చిక్కు ఇక్కడే. ఐసు కరిగిన నీరు ఏళ్ల తరబడి కారితే చట్రానికి తుప్పు పడుతుంది. అంకెలు చెరిగితే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా, ఆ కాగితాలు ఈ బండివేనని చూపడం యజమానికి కష్టమవుతుంది. అధికారి అనుమతితో అంకెలను మళ్లీ కొట్టించుకునేదాకా ఆ బండిని అమ్మడమూ కష్టమే.