పుల్ల ఐసు చేదు

మార్కాపురం ఎండల్లో పుల్ల ఐసు చీకాక నాలుక మీద సన్నటి చేదు మిగిలేది. శాక్రిన్. ‘చక్కెర ఖరీదని అది కలుపుతారు, తినొద్దు’ అనేది అమ్మ. 1879లో, తారు నుంచి తీసిన రసాయనాలతో పనిచేస్తున్న ఫాల్‌బర్గ్ చేతికి అంటుకుని బయటపడ్డ తీపి అది. ఎలుకల మూత్రాశయంలో క్యాన్సర్ కనబడిందని 1977లో అమెరికా నిషేధించబోయి, హెచ్చరికతో సరిపెట్టింది. ఎలుకల్లో జరిగే తీరు మనుషులకు వర్తించదని తేలాక 2000లో అదీ తీసేశారు. అన్నేళ్లూ పక్కనున్న చక్కెర పొట్లం మీద మాత్రం ఏ హెచ్చరికా లేదు! బరువు తగ్గడానికి ఈ తీపుల్ని నమ్ముకోవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. ఆ సలహా షుగరున్నవాళ్లకి కాదు.

ఇప్పుడు అమ్మకి షుగర్. గిద్దలూరు మందుల షాపులో కొన్న శాక్రిన్ బిళ్ల టీలో వేసిచ్చాను. ఒక గుక్క తాగి, ‘అదే ఐసు చేదురా’ అని గ్లాసు పక్కన పెట్టేసింది.