ఖర్చు పెరగలేదు, ఆదాయం పెరిగింది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ మీద వచ్చిన రెండు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టుకుని చదువుతూ ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. ఒకటి 2016 నాటిది, రెండోది 2023 నాటిది. పథకంలో పనిచేసే కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగిందని రెండో పత్రం చెబుతోంది. ఆ పెరిగినదాంట్లో నూటికి 86 పాళ్లు పథకం కూలి కాదు, బయటి సంపాదన. ప్రభుత్వం పథకం మీద అదనంగా ఖర్చు పెట్టిందీ లేదు. మరి ఈ డబ్బు ఎక్కడిది?

ముందు జరిగిందేమిటో చూడాలి. 2010లో ఆదిలాబాద్, అనంతపురం, కడప, కర్నూలు, ఖమ్మం, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఉపాధి హామీ కూలిని, పింఛన్లను స్మార్ట్‌కార్డు మీద ఇవ్వాలనుకున్నారు. ఊళ్లోనే వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. ఏ మండలానికి కార్డు ముందు, దేనికి తర్వాత అన్నది లాటరీలో తేలింది. 112 మండలాలకు ముందు వచ్చింది, 45 మండలాలకు చివర. ఈ 157 మండలాల జనాభా 1.9 కోట్లు. లాటరీ లేకపోతే నేను ఈ పత్రాలను ఇంత నమ్మేవాణ్ని కాదు. చురుకైన అధికారి ఉన్న మండలానికే కార్డు ముందు వచ్చిందేమో అన్న అనుమానం చివరిదాకా వెంటాడేది.

నా మొదటి అనుమానం కాజేసిన కూలి మీదికి పోయింది. అందులో కొంత నిజం ఉంది. 2012 సర్వేలో కార్డు వచ్చిన మండలాల కూలీలు పథకం నుంచి చేతికందిందని చెప్పిన వారం కూలి, కార్డు ఇంకా రాని మండలాల కన్నా 24 శాతం ఎక్కువ. ప్రభుత్వ పద్దుల్లో చెల్లింపు మాత్రం పెరగలేదు. అంటే దారిలో పోతున్న డబ్బు కొంత కూలీకి చేరింది. కానీ ఇంటి ఏడాది రాబడిలో పథకం కూలి చిన్న ముక్క. చిన్న ముక్క 24 శాతం పెరిగినా మొత్తం 14 శాతం పెరగదు. పెరిగిన ఆదాయంలో నూటికి 14 పాళ్ల దగ్గరే ఈ దారి ఆగిపోయింది.

సర్వేలో జనం ఎక్కువ చేసి చెప్పారా? దీనికి వేరే సాక్ష్యం కావాలి. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణనలో ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంపాదించే మనిషి నెల రాబడిని మూడు అంతస్తులుగా రాసుకున్నారు. ఆ గణన చేసినవాళ్లు వేరు, చేసిన ఉద్దేశం వేరు. అందులోనూ కార్డు వచ్చిన మండలాల్లో అట్టడుగు అంతస్తు కుటుంబాలు తగ్గాయి. ఆ అనుమానాన్ని అక్కడితో వదిలేశాను.

పథకం కింద తవ్విన చెరువులు, బాగుచేసిన పొలాల వల్ల పంట పెరిగి, దానితో బయటి పనుల కూలి పెరిగిందా? వినడానికి బాగుంది. అదే నిజమైతే భూమి మీద రాబడి పెరగాలి. పత్రం ప్రకారం అది తగ్గింది.

ధరలు పెరగడం వల్లా కాదు. పెరిగింది ధరల ప్రభావం తీసేసి చూసిన కూలి.

ఇక మిగిలిన ఆధారం చిన్నదిగా కనిపించింది. ఎంతకన్నా తక్కువ కూలి ఇస్తే పనికి వెళ్లరని సర్వేలో అడిగారు. కార్డు వచ్చిన మండలాల్లో ఆ కనీసం పెరిగింది. డబ్బు వస్తుందో రాదో తెలియని ఉపాధి హామీ పనిని చూపించి ఎవరూ బేరం ఆడలేరు. వస్తుందని తెలిస్తే ఆడగలరు.

ఇక్కడే అసలు ముడి. కూలి పెరిగితే పని తగ్గాలి కదా? బయటి పని తగ్గకపోగా పెరిగింది. అదీ భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఎక్కువ పెరిగింది. ఈ వాక్యం దగ్గర నేను కాగితం పెన్సిలు తీశాను. ఒక ఆసామి రోజుకు 100 రూపాయలకు 20 మందిని పెట్టుకున్నాడనుకుందాం. 21వ మనిషి 110కి తక్కువ రానంటాడు. అతనికి 110 ఇస్తే మిగతా 20 మందికీ ఇవ్వాలి. అప్పుడు 21వ మనిషి వల్ల పెరిగే ఖర్చు 310. అందుకే అతన్ని పిలవడు. అసలు ఊళ్లో ఎవరూ 110కి తక్కువ రాని రోజున 21వ మనిషి ఖర్చు 110 మాత్రమే. అతను చేసే పని అంతకు మించి విలువైతే పిలుస్తాడు. ఈ అంకెలు నేను వేసుకున్నవి, లెక్క అర్థశాస్త్రంలో పాతదే. భూమి రాబడి తగ్గడమూ దీనికి సరిపోతుంది. ఆసామి మనసులో ఏముందో ఏ పట్టికా చెప్పదు. నేనూ ఊహించను.

దీనికి అడ్డం తిరిగే సాక్ష్యం ఒకటుంది. దేశమంతటి లెక్కలతో వచ్చిన మరో అధ్యయనంలో పథకం వచ్చాక కూలి పెరిగింది, ప్రైవేటు పని మాత్రం తగ్గింది. రెండూ ఒకేసారి నిజం కాగలవా? కాగలవు. అక్కడ పథకం ముందు వచ్చిన జిల్లాలను తర్వాత వచ్చిన జిల్లాలతో పోల్చారు. కొత్తగా వచ్చిన ప్రభుత్వ పని మనుషులను లాక్కుంది. పైగా 2006 ఫిబ్రవరిలో పథకం మొదలైన 200 జిల్లాలను వెనుకబాటును బట్టి ఎంచారు, లాటరీతో కాదు. మన 157 మండలాల్లో పథకం అప్పటికే అంతటా ఉంది. మారింది చెల్లింపు ఒక్కటే.

ఆ మార్పు కూడా సగమే. రెండేళ్ల తర్వాత కూడా కార్డు మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డు మీద జరిగాయి. 2017లో వచ్చిన ముసాయిదాలో బయటి సంపాదన వాటా 90 పాళ్లు అని ఉంది, తుది పత్రంలో 86. ఏది తీసుకున్నా ముడి విప్పే దారి మారదు. పథకం జమాఖర్చుల్లో ఆ 86 పాళ్లకు పద్దు లేదు.