ఆరు తక్కువ పదకొండు వందలు

చెప్పులు బయటే విడిచి లోపలికి రండి. విద్యానగర్‌లో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ప్రైవేటు లేడీస్ హాస్టల్ ఇది. మూడో అంతస్తు, నలుగురుండే గది. ఒక మంచం ఖాళీగా ఉంది, ఆ పిల్ల పెళ్లికని ఊరెళ్లింది. దాని మీద కూర్చోండి. ఆరేసిన చున్నీలు మొహానికి తగులుతాయి, పక్కకు జరుపుకోండి. మిగిలిన ముగ్గురినీ ఇక్కడ ఎవరూ పేరుతో పిలవరు. అద్దం ముందున్నది నల్గొండ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. లాప్‌టాప్ ముందున్నది పాలమూరు, గ్రూప్స్‌కి చదువుతోంది. గోడకు ఆనుకుని ఒళ్లో ఫోను పెట్టుకున్నది జగిత్యాల. ఎమ్మే తెలుగు చివరి సెమిస్టర్ రాసి ఫలితం కోసం చూస్తోంది.

రాత్రి ఎనిమిదిన్నర. వాట్సాప్ గ్రూపులో లింకు పడి పావుగంటైంది, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. ముగ్గురూ మూడు చోట్ల ఒకే హాల్‌టికెట్ నంబరు కొడుతున్నారు. కింద మెస్సులో చపాతీలు అయిపోతున్నాయని ఎవరో మెట్ల దగ్గర అరిచారు. ఒక్కరూ కదల్లేదు.

ముందు పాలమూరుకు తెరుచుకుంది.

"పాసైనవే! అన్నీ పాస్!"

"టోటల్ ఎంత?"

"పాసైన అంటున్న గదనే."

"టోటల్ చెప్పు."

పాలమూరు తెర కిందికి జరిపింది. "వెయ్యీ తొంభై నాలుగు."

చూశారా, నల్గొండ దువ్వెన ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కాలిక్యులేటర్ అవసరం ఎవరికీ రాలేదు. నాలుగు సెమిస్టర్లు, ఇరవై పేపర్లు, రెండు వేల మార్కులు. ఈ గదిలో నెల రోజులుగా నలుగుతున్న అంకె 1100. వచ్చినవి 1094. నూటికి 54.7.

పాసైన పిల్ల ఎందుకిలా అయిపోయిందో మీకు తెలియాలంటే పోయిన నెలకు వెళ్లాలి. ఇదే గదిలో మిర్చి బజ్జీల పొట్లాలు విప్పిన సాయంత్రమది. యూజీసీ నెట్ ఫలితాలొచ్చాయి. సబ్జెక్టు తెలుగు, కోడు 27. మూడు గంటల్లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. ఫెలోషిప్ రాలేదు గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది. ఒకసారి వస్తే జన్మంతా చెల్లే అర్హత అది. ఎమ్మే చివరి సంవత్సరంలో ఉండగానే నెట్ రాయనిస్తారు. అయితే ఆ గెలుపు తాత్కాలికం. పీజీలో 55 శాతం తెచ్చి చూపించాకే అది నిజంగా చేతికొస్తుంది. జగిత్యాల ఆ రోజు ఈ సంగతి పట్టించుకోలేదు. యాభై అయిదు రాకపోవడమేమిటి అనుకుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

"యాభై నాలుగు పాయింట్ ఏడంటే యాభై అయిదే గదా? దగ్గరికి వేస్తరు," అంది పాలమూరు.

నల్గొండ మాట్లాడకుండా నెట్ బులెటిన్ పీడీఎఫ్ తెరిచి వెతికింది. అర్హతల పేజీలో, బ్రాకెట్లో, చిన్న అక్షరాల్లో ఉంది: వితౌట్ రౌండింగ్ ఆఫ్. దగ్గరికి వేయరు. 54.99 వచ్చినా వేయరు.

"నీకు సర్టిఫికెట్ ఉంది గదా మరి? రిజర్వేషన్‌కి యాభై చాలు," పాలమూరు ఇంకా వదల్లేదు.

"నాది ఈడబ్ల్యూఎస్."

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఎస్సీ, ఎస్టీ, కేంద్ర జాబితాలో ఉన్న నాన్‌క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు 50 శాతం చాలు. ఈడబ్ల్యూఎస్‌కు దరఖాస్తు ఫీజు తగ్గుతుంది, సీట్లలో వాటా ఉంటుంది, పీజీ మార్కుల్లో మాత్రం సడలింపు లేదు. తండ్రి జగిత్యాలలో ఎరువుల దుకాణంలో గుమస్తా. ఆయన మీసేవ చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చిన కాగితం ఈ పెట్టెలోనే ఉంది. ఈ ఒక్క పనికి అది అక్కరకు రాదు.

ఫోను మోగింది. తెర మీద 'అవ్వ' అని ఉంది. జగిత్యాల ఎత్తలేదు. మళ్లీ మోగితే నల్గొండ ఎత్తి, "పాసైంది ఆంటీ, స్నానానికి పోయింది," అని చెప్పేసింది. అబద్ధమే. అయినా నాకు తప్పనిపించలేదు. ఇంట్లోవాళ్లకు నిజం చెప్పాల్సిందే, కాకపోతే అది పావుగంట ఆగగలదు. ఆ పావుగంటలో పిల్లకు గొంతు కుదురుకుంటుంది.

తొమ్మిదింటికి తనే చేసింది. మీరు మంచం మీదే ఉండండి, అవతలి మాటలు స్పీకరు లేకుండానే వినబడతాయి.

"తిన్నవా బిడ్డా?"

"ఊఁ. అవ్వా, ఆరు మార్కులు తక్కువైనయే."

"పాసైనవన్నరు గదా?"

"పాసైన. నెట్‌కి సరిపోవు."

అవతల కాసేపు టీవీ చప్పుడే వినిపించింది. తర్వాత తండ్రి గొంతు. "సార్లను అడుగు బిడ్డా. ఏదో ఒకటి ఉంటది." దుకాణానికొచ్చిన ప్రతి రైతుకూ నెల రోజులుగా బిడ్డ లెక్చరరైందని చెప్పుకున్న మనిషి ఆయన. ఆ మాట ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తలేదని ఈమెకు తెలిసింది. ఫోను పెట్టేశాక ఏడ్చింది అందుకే.

ఏడుస్తున్నప్పుడు పాలమూరు "పోనీలే" అంది, "అంతా మన మంచికే" అంది, "మా మేనమామ కొడుక్కి గిట్లనే" అని మొదలుపెట్టింది. ఎవరి మేనమామ కొడుకూ ఆ గంటలో పనికిరాడు. మనవాళ్లకు ఓదార్పంటే పోలిక చెప్పడమే. నల్గొండ కిందికెళ్లి, అడుగున మిగిలిన పప్పూ అన్నమూ ఒకే పళ్లెంలో కలుపుకొచ్చి ముందు పెట్టింది, అంతే. ముగ్గురూ అందులోంచే తిన్నారు. ఆ రాత్రి వరండాలో పక్కలేసుకుని పడుకుందామన్న ఆలోచన కూడా నల్గొండదే. వరండాలో గాలి వస్తుందని పైకి చెప్పిన సాకు. ఒక్కదాన్నీ గదిలో వదలకూడదన్నది అసలు సంగతి. ఫలితాల రాత్రి మన రాష్ట్రాల్లో ఎంత ప్రమాదమో హాస్టళ్లలో ఉన్న ప్రతి పిల్లకూ తెలుసు. ఈ హాస్టల్ నోటీసు బోర్డు మీద ఎవరో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 స్కెచ్‌పెన్నుతో రాసి పెట్టారు. వెలిసిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్లీ దిద్దుతారు. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అర్ధరాత్రి దాటాక జగిత్యాల లేచి కూర్చుంది. "లైటెయ్యి. మెమోలు తీస్త."

నాలుగు మెమోలు నేల మీద పరిచారు, మీరూ వంగి చూడండి. ప్రాచీన సాహిత్యం 63. ఛందస్సు 58. జానపద విజ్ఞానం 66. వరుసగా బాగానే ఉన్నాయి. రెండో సెమిస్టర్ దగ్గర వేలు ఆగింది. భాషాశాస్త్రం 41. డెంగీ తగ్గీ తగ్గకముందే, గ్లూకోజ్ ఎక్కించిన చేత్తో రాసిన పేపరు.

"రీవాల్యుయేషన్ పెడితే?"

"అది రెండో సెమ్. గడువు ఎప్పుడో అయిపోయింది. ఈ సెమ్ పేపర్లకే పెట్టొచ్చు."

రీవాల్యుయేషన్ మీద నాకో అభిప్రాయం ఉంది. దాన్ని లాటరీ టికెట్‌లా కొనేవాళ్లే ఎక్కువ. రీకౌంటింగ్ అంటే కూడికలు సరిచూస్తారు, దిద్దకుండా వదిలేసిన జవాబుందేమో చూస్తారు, అంతవరకే. రీవాల్యుయేషన్ అంటే ఇంకొకరు మళ్లీ దిద్దుతారు. డబ్బు కట్టే ముందు, వీలుంటే జవాబుపత్రం నకలు తీసుకుని కళ్లారా చూసుకోవడం మేలు. దిద్దిన జవాబుపత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకునే హక్కు రాసినవాళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. చూసుకున్నాక చాలామంది రీవాల్యుయేషన్ జోలికి వెళ్లరు. వెళ్లినవాళ్లు మాత్రం ఏ జవాబు కోసం వెళుతున్నారో తెలిసి వెళతారు.

పొద్దున పదకొండు. ఇప్పుడు మీరు డిపార్టుమెంటు వరండాలో ఉన్నారు. గది ముందు బెంచీ మీద ఇంకో ముగ్గురున్నారు, వాళ్ల చేతుల్లోనూ ప్రింటవుట్లే. సారు లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు, కాగితం చూశారు. ఆయన "అయ్యో" అనలేదు.

"నెట్ రిజల్ట్ ఎప్పుడొచ్చిందమ్మా?"

"పోయిన నెల సార్."

"అయితే నీకింకా టైముంది. బులెటిన్లో ఆ పేరా కింద ఇంకో వాక్యం ఉంటుంది, చదివావా?"

చదవలేదు. నిన్న రాత్రి బ్రాకెట్ దగ్గరే ముగ్గురి కళ్లూ ఆగిపోయాయి. సారు ఫోన్లో తీసి చూపించారు. చివరి సంవత్సరంలో ఉండి నెట్ రాసినవాళ్లు, ఆ ఫలితం వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోగా కావలసిన శాతంతో పీజీ పూర్తి చేయాలి. చేయకపోతేనే అనర్హులు.

"రెండేళ్లలో భాషాశాస్త్రం ఇంప్రూవ్‌మెంట్ రాయి. ఆరు మార్కులకు ఒక్క పేపరు చాలు. కానీ ముందు ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లి మన యూనివర్సిటీ రూలు కాగితం మీద చూసుకో. నేను చెప్పానని, సీనియర్లు చెప్పారని నమ్మొద్దు."

ఈ చివరి మాటకు ఆయనకు దండం పెట్టాలి. ఇంప్రూవ్‌మెంట్ రూలు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకం. కొన్ని చోట్ల పాసైన పేపరును ఒక్కసారే మళ్లీ రాయనిస్తారు, కొన్ని చోట్ల దానికి ఏళ్ల గడువుంటుంది. రెండింట్లో ఎక్కువ వచ్చిన మార్కే లెక్క అన్నది ఎక్కువచోట్ల ఉంది, అన్నిచోట్లా ఉందనుకోవద్దు.

బ్రాంచి కిటికీ దగ్గర వరుస పొడవుగానే ఉంది, గొడుగు తెచ్చుకుంటే మంచిది. గంటంబావు తర్వాత అవతలి గుమస్తా తలెత్తకుండానే, "రెండో సెమ్ ఇంప్రూవ్‌మెంటా? ఈవెన్ సెమ్ నోటిఫికేషన్‌తో పాటు వస్తది. ఒక్కటే ఛాన్సు. ఎక్కువ వచ్చిందే ఉంచుతం," అన్నాడు. జగిత్యాల ఆ మూడు వాక్యాలనూ అరచేతి మీద రాసుకుంది. తర్వాత మళ్లీ అడిగింది, "రూలు కాపీ ఉంటదా సార్?" అప్పుడు తలెత్తాడు. జిరాక్సుకు వెళ్లి రమ్మని ఒక మడత కాగితం ఇచ్చాడు.

మధ్యాహ్నం చిక్కడపల్లి. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద, మెట్ల మీద, గోడ నీడలో, ఎక్కడ చూసినా చదువుకునేవాళ్లే. పాలమూరు రోజూ కూర్చునే చోటు ఇది. పక్కనే కూర్చునే ఒక అక్క సంగతి విని, పుస్తకంలో వేలు పెట్టి మూసింది.

"యాభై అయిదు లేకుంటే పీహెచ్‌డీ కూడా లేదనుకో ఇప్పటికి. జూనియర్ లెక్చరర్‌కి యాభై చాలు, తెలుసా? 2022 డిసెంబర్‌ల 1,392 పోస్టులు పడ్డయి. నేను అప్పుడు రాసిన, రాలె. మళ్లొస్తే మళ్ల రాస్త. బీఎడ్‌కి నీ మార్కులు బాగ సరిపోతయి."

జగిత్యాలకు ఇవన్నీ తెలియనివి కావు. రాత్రి గుర్తురాలేదు, అంతే. యాభై నాలుగున్నర దాటిన మనిషికి యాభై దగ్గరి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఆరు మార్కుల అవతల ఉన్నది ఒక్క గడప. ఆ గడప దాటడానికి రెండేళ్ల వ్యవధి ఉంది, ఒకే ఛాన్సు ఉంది. ఆ ఒక్క ఛాన్సు గురించి భయపడాలి నిజానికి. భయపడుతోంది కూడా, మొహం చూస్తే తెలుస్తుంది. కాకపోతే రాత్రి భయానికి ఆకారం లేదు, దీనికి సిలబస్ ఉంది.

అక్కడే మెట్ల మీద తండ్రికి ఫోను చేసింది. గుమస్తా చెప్పింది, సారు చూపించింది, అక్క అన్నది వరుసగా చెప్పింది. ఆయనకు సగం అర్థమైనట్టుంది.

"అయితే మళ్ల ఒక్క పరీక్ష రాయాలె. అంతేనా?"

"అంతే బాపు. దాంతోటే అయితదని గ్యారంటీ లేదు."

"హాస్టల్‌ల ఉంటవా, ఇంటికొస్తవా?"

ఈ ప్రశ్న కోసమే ఆమె పొద్దుటి నుంచి జవాబు తయారు చేసుకుంది. "ఉంట. ఇంటర్ కాలేజీల పార్ట్‌టైం అడుగుత. నెల ఖర్చు నేనే చూసుకుంట."

"పార్ట్‌టైం దొరికేదాక పంపిస్త." మళ్లీ కాసేపాగి, "దుకాణంల అడిగితే ఏం చెప్పాలె?"

"ఒక పేపర్ బాకీ ఉందని చెప్పు."

సాయంత్రం మళ్లీ అదే గది. ఖాళీ మంచం మీదికి ఈసారి పుస్తకాలొచ్చాయి, మీరు కొంచెం సర్దుకుని కూర్చోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన 'తెలుగు భాషా చరిత్ర' పాత ప్రతి, సీనియర్ల నోట్సు జిరాక్సులు, అరచేతిలోంచి కాగితం మీదికి ఎక్కించిన ఆ మూడు వాక్యాలు. కెమిస్ట్రీ చదివే నల్గొండ నోట్సు ఒళ్లో పెట్టుకుని పరీక్షాధికారిలా కాళ్లు ముడుచుకుంది.

"వర్ణం అంటే?"

"అర్థభేదం తెచ్చే కనిష్ఠ ధ్వని."

"గిదేం తెలుగే! ఉదాహరణ?"

"పాట, బాట. ఒక్క ధ్వని మారింది, అర్థం మారింది. రెండూ వేరువేరు వర్ణాలు."

"ఇంకొకటి."

"కాలి... గాలి."

"ఇంకొకటి చెప్పు."

"రెండు చాలు, పరీక్షల రెండే అడుగుతరు."

"పోయినసారి గట్లనే అనుకున్నవ్. చెప్పు ఇంకొకటి."