లంద నుంచి మూసీ దాకా

తెలంగాణ పల్లెల్లో మాదిగవాడ చివర తోలు పదును చేసే లంద ఉండేది. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకేసి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరనిచ్చేవారు. మోటబొక్కెన, చెప్పులు, డప్పు అన్నిటికీ తోలు అక్కడిదే. ఊరి సేద్యం ఆ బొక్కెన మీదే నడిచినా, దాన్ని చేసిన చేతులను ఊరు దూరంగానే ఉంచింది. అది మరచిపోగూడని అన్యాయం. లంద నీళ్లు కంపు కొట్టేవి, నిజమే. కానీ వాటిలో ఉన్నది చెక్క రసం, సున్నం, కొవ్వు. కొద్దిపాటి నీళ్లు గనుక నేల తట్టుకునేది.

క్రోమియం వచ్చి ఆ లెక్క మార్చింది.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే క్రోమ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో దాన్ని ప్రయోగించి చూశాడు. వారాల పని ఒకటి రెండు రోజులకు తగ్గింది. అయితే మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో దాదాపు మూడోవంతు తోలుకు పట్టదు, నీళ్లతో పోతుంది. తోలు పాడవకుండా చల్లిన ఉప్పు కూడా అంతే. శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులు కొవ్వును, రక్తాన్ని తింటాయి. ఉప్పును, లోహాన్ని ఏమీ చేయలేవు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టర్. క్రోమియాన్ని తిరిగి రాబట్టే పద్ధతిని దేశంలోని తోళ్ల కార్ఖానాలకు చేర్చింది ఈ సంస్థే. క్రోమ్ నీళ్లను విడిగా పట్టి మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే లోహం బురదై అడుక్కు దిగుతుంది. ఆ బురదను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి మళ్లీ తోలుకే వాడతారు. కిటుకంతా విడిగా పట్టడంలోనే ఉంది. ఒక్కసారి మురుగులో కలిశాక దాన్ని ఏరడం బహు కష్టం.

కలిపేస్తే ఏమవుతుందో పాలారు చూపించింది. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే ఆ నది ఒడ్డున వందల కార్ఖానాలు వెలిశాయి. సుమారు 35,000 హెక్టార్ల భూమి పూర్తిగానో కొంతగానో సాగుకు పనికిరాకుండా పోయిందన్న లెక్క సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం ఒక్కో కార్ఖానాకు 10,000 రూపాయల జరిమానా వేసి, శుద్ధి ఏర్పాటు లేనివి నడవకూడదంది.

హైదరాబాద్‌లో తోళ్ల వ్యాపారం ముషీరాబాద్, భోలక్‌పూర్‌లలో సాగింది. నగరంలో పరిశ్రమల నీటికి ఉమ్మడి శుద్ధి కేంద్రం ముందుగా జీడిమెట్లలో వచ్చింది, తర్వాత పటాన్‌చెరులో. పటాన్‌చెరులో శుద్ధి చేసిన నీళ్లను పైపులైన్ ద్వారా నగర మురుగులో కలిపి, దిల్‌సుఖ్‌నగర్‌కు మూసీ అవతల ఉన్న అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. రోజుకు 33.9 కోట్ల లీటర్ల ఆ కేంద్రం గానీ, వనస్థలిపురానికి దగ్గర్లోని నాగోలులో 17.2 కోట్ల లీటర్ల కేంద్రం గానీ కట్టింది ఇళ్ల మురుగు కోసం. లోహం అక్కడిదాకా వస్తే కొంత మూసీలోకి పోతుంది, మిగతాది బురదలో చేరుతుంది. అలాంటి బురద పొలానికి ఎరువు కాలేదు. దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో పూడ్చవలసిందే.