అలంకారము – అలమ్

ఖిలా వరంగల్లు నడుమ నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నిలిచియున్నవి. వాని మధ్య నుండిన స్వయంభూశివాలయము శిథిలమై, చెక్కిన రాళ్లుగా నేలపై మిగిలినది. నేను బడిపంతులుగా నున్నకాలమున పిల్లల నచ్చటికిఁ గొనిపోఁగా ఒక బాలుఁడు, "అయ్యవారూ! గుడి లేదు గదా, ఈ యలంకార మెవరికి?" అని యడిగెను. నాఁడు నాకు సమాధానము తోఁపలేదు. ఆ మాటనే నేఁడు విచారింతము.

నగలకును, పెండ్లిపందిరికిని, ఉత్సవమూర్తికిని, కవిత్వమునకును మనము "అలంకార"మను నొక్క పదమునే వాడుచున్నాము. ఆడంబరమున్నచోట నెల్ల ఈ పేరే పెట్టుచున్నాము. పదమును విప్పి చూడుఁడు. "అలమ్" అను నవ్యయమునకు "కృ" ధాతువు చేరఁగా నిది యేర్పడినది. అలమ్ అనఁగా చాలినంత, సమర్థము. భూషణార్థమున దీనికిఁ బాణిని ప్రత్యేకముగా సూత్రము చేసెను. "ఇఁక చాలు" అను నిషేధమును గూడ నిదియే తెలుపును. సంస్కృతనాటకములలో సూత్రధారుఁడు మాట పెరిగినపుడు ఈ పదముతోనే యాపివేయును. కావున అలంకారమనఁగా వస్తువును నిండుగాఁ జేయుట, నిండిన పిదప నిలుపుట.

ఈ శాస్త్రము ఓరుగంటఁ గొలువుండినది. క్రీ. శ. 1289 మొదలు 1323 వఱకు నేలిన ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు "ప్రతాపరుద్రీయ"మును రచించెను. అందలి యుదాహరణశ్లోకములు ఆ రాజునే పొగడును. అయినను నాయకుఁడు, కావ్యము, నాటకము, రసము, దోషము, గుణము – ఇవి యన్నియు ముందు వచ్చి, అలంకారములు చివర వచ్చును. నగకు ముందు మేనిని జూడవలెనని ఆ క్రమమే చెప్పుచున్నది.

తోరణములును అట్టివే. స్తంభములు, పైని దూలము, దాని నాదుకొను వాలురాళ్లు – ముందు కట్టడము నిలిచినది. దానిపైఁ బూమొగ్గలు, దండలు, హంసలు వెలసినవి.

1323లో ఢిల్లీసేనలకుఁ గోట లొంగినది. రాజు చెఱఁబడెను, గుడి కూలినది. గ్రంథము మాత్రము నిలిచినది. మల్లినాథుని కుమారుఁడు కుమారస్వామి దానికి "రత్నాపణ"మను వ్యాఖ్య వ్రాసెను. తోరణములును నిలిచినవి, 2014లో నేర్పడిన తెలంగాణరాష్ట్రము తన రాజముద్రలోఁ దోరణమును నిలిపినది.

ఇఁక ఆ బాలునికి సమాధానము. నాయనా! తోరణము గుడికిఁ బెట్టిన నగ కాదు, లోనికిఁ బోవువానికిఁ గట్టిన వాకిలి. వచ్చినవానిని ఒక్క క్షణము నిలిపి, తల యెత్తి చూడఁజేయుటయే ఆ చెక్కడపుఁ బని. గుడి లేకున్నను, అచ్చటికిఁ బోయినవాఁడు నేఁటికిని నిలుచును, తల యెత్తును. పని తీఱుచున్నది గనుక అది యలంకారమే.

ఇంతకు మించి పెంచినచో నా మాటయే యాడంబర మగును. అలమ్.