583వ నంబరు జాకెట్టు: రోగుల కళను సాక్ష్యంగా చదవడంలో హద్దులు

జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో, ఒకప్పుడు నాడీవ్యాధుల విభాగానికి లెక్చర్ హాలుగా ఉన్న భవనంలో 2001 నుంచి ఒక మ్యూజియం నడుస్తోంది. పేరు ప్రింజ్‌హార్న్ సేకరణ. మానసిక వైద్యశాలల్లో బతుకు వెళ్లదీసిన వాళ్లు గీసినవి, రాసినవి, చెక్కినవి, కుట్టినవి అక్కడ ఉన్నాయి. చూసేవారికి సాధారణంగా రెండు తీర్పులు తోస్తాయి: ఇది జబ్బు లక్షణం, లేదా ఇది అసాధారణ ప్రతిభ. ఈ రెండింటికీ సేకరణలో ఉన్న ఆధారం ఎంత?

సేకరణ స్వభావం

హాన్స్ ప్రింజ్‌హార్న్ కళాచరిత్ర చదివి, ఆ తర్వాత వైద్యుడైనవాడు. 1919లో హైడెల్‌బర్గ్ మానసిక వైద్య విభాగంలో చేరాడు. విభాగాధిపతి కార్ల్ విల్మన్స్ అండతో, ప్రధానంగా జర్మన్ మాట్లాడే ప్రాంతాల వైద్యశాలలకు లేఖలు రాసి రోగుల పనులను తెప్పించాడు. అలా దాదాపు 450 మంది చేసిన సుమారు 5,000 పనులు పోగయ్యాయి.

మొదటి జాగ్రత్త ఇక్కడే అవసరం. ఏది పంపాలో, ఏది చెత్తబుట్టలో వేయాలో తేల్చింది రోగులు కాదు, వైద్యులు. ఈ సేకరణ మీద 1922లో వచ్చిన ప్రింజ్‌హార్న్ పుస్తకం ప్రత్యేకంగా పరిచయం చేసిన పదిమందీ మగవాళ్లే, అదీ మారుపేర్లతో. కాబట్టి ఈ సేకరణను చూసి ఆనాటి రోగులందరూ ఇలాగే గీసేవారని అనలేం. వైద్యుల కంటికి ఆనినవి ఇవి అని మాత్రమే అనగలం.

దగ్గరగా రెండు వస్తువులు

ఆగ్నెస్ రిక్టర్ కుట్టుపని మీద బతికిన స్త్రీ. హుబెర్టుస్‌బర్గ్ వైద్యశాలలో ఉండగా, అక్కడి ముతక బూడిదరంగు బట్టతో 1895 ప్రాంతంలో ఒక జాకెట్టు కుట్టుకుంది. దాని మీద రంగుదారాలతో వరస మీద వరస అక్షరాలు కుట్టింది. కొన్ని లోపలివైపు, ఒంటికి ఆనుకునేలా ఉన్నాయి. పాత జర్మన్ లిపి, పైగా అరిగిన దారం కావడంతో చాలా భాగం చదవడానికి అందదు. ‘నేను’, ‘నా’ అన్న మాటలు, చాకలి గుర్తుగా ఆమె బట్టలకు వేసిన 583 అన్న నంబరు మాత్రం పోల్చుకోవచ్చు. చెమట మరకలను బట్టి తొడుక్కున్నదేనని తెలుస్తుంది. ఇవి వస్తువే చెప్పే సంగతులు. ఆమె జబ్బేమిటో జాకెట్టు చెప్పదు.

ఎమ్మా హౌక్ 1909లో హైడెల్‌బర్గ్‌లో రోగిగా చేరింది. భర్తకు రాసిన కొన్ని ఉత్తరాల్లో ‘రా’ అన్న ఒక్క మాటనే, కాగితం నల్లబడేదాకా, ఒకదాని మీద ఒకటిగా రాసింది. ఆ ఉత్తరాలు ఆయనకు చేరలేదు, కేసు కాగితాల్లోనే ఉండిపోయాయి. నేడు వాటిని నైరూప్య చిత్రాలుగా చూసేవారున్నారు. ఆమె రాసింది మాత్రం ఉత్తరం.

మారిన తీర్పులు

బొమ్మను మాత్రమే చూసి గీసినవారికి మానసిక వ్యాధి ఉందని నిశ్చయంగా చెప్పలేమని ప్రింజ్‌హార్నే ఒప్పుకున్నాడు. పుస్తకం పేరులో ‘కళ’ అన్న మాటను కూడా కావాలనే వాడలేదు. మాక్స్ ఎర్నెస్ట్ వంటి చిత్రకారులు ఆ పుస్తకంలో కొత్త దారి చూశారు. నాజీలు ఇవే పనులను ‘దిగజారిన కళ’ ప్రదర్శనలో ఆధునిక చిత్రాల పక్కన పెట్టి, ఆ చిత్రకారులకూ మతి చెడిందని చాటారు. విల్మన్స్‌ను 1933లో తొలగించాక ఆ స్థానంలోకి వచ్చిన కార్ల్ ష్నైడర్ నాజీల కాలంలో జరిగిన రోగుల సామూహిక హత్యల్లో భాగస్వామి. ప్రింజ్‌హార్న్ ‘ఫ్రాంజ్ పోల్’ అని పేరు మార్చి పొగిడిన లోహశిల్పి ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్‌ను 1940లో గ్రాఫెనెక్ హత్యాకేంద్రంలో చంపేశారు.

ముగింపు

అవే కాగితాల మీద ఒకరు ప్రతిభను, మరొకరు పతనాన్ని చదివారంటే, ఆ తీర్పులు చదివినవారి కాలం గురించే ఎక్కువ చెబుతాయి. ఈ పనులు గట్టిగా రుజువు చేసేది వైద్యశాల జీవితాన్ని: అక్కడి బట్టను, కాగితాన్ని, నంబరును, చేరని ఉత్తరాన్ని. అందుకే ఇలాంటి మ్యూజియంలో వస్తువు పక్కన రాయాల్సింది రోగం పేరు కాదు, చేసిన మనిషి అసలు పేరు, చేసిన చోటు, అది ఎవరి చేతుల మీదుగా అక్కడికి వచ్చిందన్న వివరం.